స్వీడన్‌లో గోలు, ఐసెలిన్‌లో బావమరిది

పరువు పోవడానికి మనిషికి చాలా దారులున్నాయి. కొందరిది ఎన్నికల్లో పోతుంది, కొందరిది పెళ్ళిపందిట్లో పోతుంది. నాది స్వీడన్ దేశపు ఫుట్‌బాల్ లీగ్‌లో పోయింది. నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టని దేశం, ఒక్కసారి కూడా కాలు కదపని ఆట. అయినా పోయింది. ఊరికే కూడా పోలేదు. కాలరుకి మైకు తగిలించుకుని, హెర్న్‌డన్ తెలుగువాళ్ళంతా ఇడ్లీలు తింటూ చూస్తుండగా, స్పీకర్లలో మోగుతూ పోయింది. ఆ కథ ఇప్పుడు చెప్పబోతున్నాను. చేతిలో కాఫీ ఉంటే కింద పెట్టండి. ఒలకబోసుకుంటే బాధ్యత నాది కాదు.

నేను హేతువాదిని. అప్పట్లో ఈ మాట నా పేరుకంటే ముందు చెప్పేవాణ్ణి. కాలేజీ రోజుల నుంచీ వాదనే నాకు వ్యాయామం. బెజవాడలో ఎక్కడ డిబేట్ జరిగినా వేదికెక్కి, మూఢనమ్మకాల మీద బల్ల గుద్ది, బల్ల విరిగితే అదెందుకు విరిగిందో కూడా వివరించి దిగేవాణ్ణి. వర్జీనియా వచ్చాక బల్లలు మారాయి గానీ గుద్దుడు మారలేదు. హెర్న్‌డన్‌లో ఒక హేతువాద వేదిక పెట్టాను. జనం బాగానే వచ్చేవారు. వాళ్ళు మీటింగ్ తర్వాత పెట్టే బిర్యానీ కోసం వచ్చేవారని నా భార్య పద్మ అంటుంది. అందుకు ఆధారం లేదని నేనంటాను. బిర్యానీ పెట్టని నెలలో ఎవరూ రాకపోవడం కేవలం యాదృచ్ఛికం.

పద్మది కరీంనగర్. మేం ఇక్కడ టౌన్‌హౌస్ కొన్నప్పుడు, గృహప్రవేశం చేసి సత్యనారాయణ వ్రతం చేసుకుందామని అడిగింది. నేను చరిత్ర, తత్వశాస్త్రం, ఖగోళం కలిపి ఒక ఉపన్యాసం ఇచ్చాను. అది ముగిశాక, కావాలని ఒక మంగళవారం చూసి, పిజ్జా డబ్బాతో కొత్త ఇంట్లో అడుగుపెట్టించాను. పద్మ వాదించలేదు. పిజ్జా మీది ఆలివ్ ముక్కలు ఏరి పక్కన పెడుతూ, "సరే తియ్" అంది. ఆ "సరే తియ్" అప్పటినుంచీ మా ఇంట్లో మాతోపాటే కాపురం చేస్తోంది. సోఫాలో కూర్చుంటే పక్కన అదీ కూర్చునేది.

అసలు గొడవ ఉగాదినాడు మొదలైంది.

మా ఊళ్ళో పంచాంగ శ్రవణం మూర్తి గారు చేస్తారు. వారం రోజులూ ఒక కంపెనీలో డేటాబేస్‌లు చూసుకుంటారు, శని ఆదివారాలు గ్రహాలు చూసుకుంటారు. మహా మర్యాదస్తుడు. ఆయన్ని తిట్టడం దూదిదిండుని గుద్దినట్టు ఉంటుంది. చెయ్యి లోపలికి పోతుంది, దిండు మళ్ళీ నవ్వుతూ పైకి లేస్తుంది. ఆ రోజు కమ్యూనిటీ సెంటర్ హాల్లో ఆయన, "ఈ ఏడాది పాలకులకు చిక్కులు, ఉద్యోగులకు స్థానచలనం, వర్షాలు మధ్యస్థం" అని చదువుతుంటే, నాలోని డిబేటరు లేచి నిలబడ్డాడు.

"మూర్తి గారూ! పాలకులకు చిక్కులు లేని సంవత్సరం ఒక్కటి చూపించండి! ఏం జరిగినా నిజమయ్యే మాటని జోస్యం అనరు. ధైర్యముంటే తప్పయ్యే అవకాశమున్న జోస్యం ఒకటి చెప్పండి!"

"దానికేముందండీ మోహన్ గారూ, చెబుతాను" అన్నారాయన, ఉగాది పచ్చడి కప్పు పక్కన పెట్టి. "దేని మీద చెప్పమంటారు?"

ఇక్కడ నేను చిక్కుకున్నాను. క్రికెట్ అంటే హాల్లో ప్రతివాడూ సెలెక్టరే. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే పిల్లలు నవ్వుతారు. ఎవరికీ ఓనమాలు కూడా తెలియని విషయం కావాలి. సరిగ్గా అప్పుడు మా ఆఫీసులో పనిచేసే ఎరిక్ గుర్తొచ్చాడు. స్వీడన్ మనిషి. రోజూ లంచ్‌లో వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ లీగ్ గురించి చెప్పి నా పప్పన్నం చల్లార్చేవాడు. మిగతా యూరప్ అంతా చలికాలంలో ఆడితే వీళ్ళు మాత్రం మంచు కరిగాక వసంతంలో మొదలుపెట్టి, మళ్ళీ మంచు పడేలోగా ముగిస్తారట.

"స్వీడన్ ఫుట్‌బాల్ లీగ్!" అని అరిచాను. "ఉగాదికి మొదలై దీపావళికి ముగుస్తుంది. తెలుగువాళ్ళ కోసమే పెట్టినట్టుంది. మీరు పంచాంగం చూసి ఒక జట్టుని ఎంచుకోండి. నేను తర్కంతో ఒక జట్టుని ఎంచుకుంటాను. ఎవరిది పైన నిలిస్తే వాళ్ళది గెలుపు!"

వెనకనుంచి ఎవరో, "స్వీడన్‌లో ఫుట్‌బాల్ ఆడతారా?" అని అడిగారు. పక్కవారు, "ఆడతారట, మంచు కరిగాక" అని చెప్పారు.

"మరి ఓడినవాళ్ళు ఏం చెయ్యాలండీ?" అన్నారు మూర్తి గారు.

ఆవేశం ఎప్పుడూ ముందు నోటికే ఎక్కుతుంది. "నేనోడితే పట్టుపంచె కట్టుకుని, మీరే మంత్రాలు చదువుతుండగా, మా ఇంట్లో పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేస్తాను! మీరోడితే వచ్చే ఉగాదికి పంచాంగం బదులు నా వ్యాసం చదవాలి!"

ఆ మాటకి మూర్తి గారు నవ్వారు. మూడో వరుసలో కూర్చున్న పద్మ నవ్వలేదు. ఇల్లు కొన్న రెండేళ్ళలో మొదటిసారి నావైపు ఆసక్తిగా చూసింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ సిసలైన ప్రయోగంలో పోల్చిచూడటానికి గుడ్డిగా ఎంచుకున్నది ఒకటి ఉండాలి కదా! గ్రహాలూ తర్కమూ ఏవీ వాడని మనిషి కావాలి. ఇంటికొచ్చి పద్మని అడిగాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. లాప్‌టాప్‌లో జట్ల బొమ్మలన్నీ చూపించి, "ఏదో ఒకటి చెప్పు, ఆలోచించకు" అన్నాను.

కత్తి మొనతో ఒక బొమ్మ చూపించింది. "గీ తెల్ల అంగీలోళ్ళు."

"ఎందుకు?"

"ఆలోచించకన్నవ్ కదా."

"అయినా చెప్పు."

"బురదల పడి దొర్లే ఆటకు తెల్ల అంగీలు ఏసుకున్నరంటే, వాళ్ళకు ధైర్యమన్న ఉండాలె, ఇంట్ల ఉతికెటోళ్ళకు ఓపికన్న ఉండాలె. రెండిట్ల ఏదున్నా గెలుస్తరు."

నేను జాలిగా నవ్వాను. "సరే, నీ జట్టు మా ఇద్దరికంటే పైన నిలిస్తే నువ్వేం చెబితే అది చేస్తాను" అని కూడా అన్నాను. ఆ నవ్వుని ఇప్పుడు తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

(ఆ క్లబ్బుల అసలు పేర్లు ఇక్కడ రాయను. ఒకసారి ఎరిక్ ముందు పలికి చూపిస్తే, మంచినీళ్ళు తాగమని గ్లాసు ఇచ్చాడు. రంగులతోనే సరిపెట్టుకుందాం.)

మూర్తి గారు క్లబ్బులు స్థాపించిన తేదీలు వెతికి, పుట్టిన గడియలు దొరక్క, "ఆటల క్లబ్బు కాబట్టి సాయంత్రమే పుట్టి ఉంటుందండీ" అని ఊహించి, ఎర్రజట్టుని ఎంచుకున్నారు. నేను కనిపించిన ప్రతి విశ్లేషణా చదివాను. కోచ్‌ల చరిత్ర, ఆటగాళ్ళ వయసు, గాయాలు, గోల్‌కీపరు చేతుల పొడవు, అన్నీ లెక్కలోకి తీసుకుని ఆకుపచ్చ జట్టుని ఎంచుకున్నాను. ఎరిక్ చూసి, "మంచి ఎంపిక" అన్నాడు. నేను అప్పుడే పంచాంగం బదులు చదవాల్సిన వ్యాసానికి మొదటి పేరా రాసేసుకున్నాను.

ఏప్రిల్‌లో ఆట మొదలైంది. శాస్త్రీయ పరిశీలన కోసం మాత్రమే మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. అక్కడ మధ్యాహ్నమైతే మనకి టిఫిన్ల వేళ. ఇంట్లో టీవీ పద్మ వంటల కార్యక్రమాలకు రిజర్వు కాబట్టి బేస్‌మెంట్‌లో, వాటర్ హీటర్ పక్కన, మడత కుర్చీ వేసుకుని, పాత ల్యాప్‌టాప్‌లో చూసేవాణ్ణి. మొదటి మ్యాచ్ ఆకుపచ్చ జట్టు గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడో మ్యాచ్‌రోజు బట్టలు ఆరేయాలని పద్మ నా కుర్చీ పక్కకి జరిపింది. ఓడిపోయాం.

ఇక్కడ పాఠకులు నన్ను అనుమానించకూడదు. నేను మూఢనమ్మకంలోకి జారలేదు. ప్రయోగశాలలో పరిస్థితులు మారకూడదు, అంతే. వేడి మారితే ఫలితం మారదూ? కాబట్టి కుర్చీ ఎక్కడుండాలో నేల మీద టేపు అతికించాను. మొదటి గెలుపునాడు వేసుకున్న బూడిదరంగు స్వెట్‌షర్టే ప్రతి మ్యాచ్‌కీ వేసుకున్నాను. ఉతికితే దాని భౌతిక లక్షణాలు మారతాయి కాబట్టి ఉతకనివ్వలేదు. వేసవి వచ్చేసరికి ఆ స్వెట్‌షర్టు హ్యాంగరు లేకుండానే నిలబడటం నేర్చుకుంది.

మా అమ్మాయి నీల హైస్కూల్లో చదువుతుంది, ఇక్కడే పుట్టింది. ఒకరోజు లాండ్రీ కోసం కిందికొచ్చి, ముక్కు మూసుకుని నిలబడింది.

"నాన్నా, ఇది ఏంటి? నువ్వు లక్కీ షర్ట్ వేసుకున్నావా?"

"లక్కీ కాదమ్మా. ప్రయోగ పరిస్థితులు మారకుండా చూస్తున్నాను."

"కానీ నువ్వు అమ్మకి చెప్పావు కదా, క్యాట్ క్రాస్ చేస్తే ఏం కాదు అని."

"పిల్లి వేరు, స్వెట్‌షర్టు వేరు."

"పిల్లి వాసన రాదు" అనేసి పైకి వెళ్ళిపోయింది.

ఇక అసలు నేరస్తుడి దగ్గరికి వద్దాం. పద్మ తమ్ముడు శీను. న్యూజెర్సీలో ఐసెలిన్ దగ్గర ఉంటాడు, ఒక చీరల షాపు నడిపిస్తాడు. నేనంటే ప్రాణం. మే నెలలో ఒక ఆదివారం మ్యాచ్ మంచి ఊపులో ఉండగా ఫోన్ చేశాడు.

"బావా, ఎట్లున్నవే? మనసు మంచిగున్నదా?"

"బాగానే ఉందిరా, ఎందుకు?"

"ఏం లేదు, ఊకెనే. పానం నిమ్మళంగ పెట్టుకో."

"తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. పెట్టి కళ్ళు ఎత్తేసరికి, ల్యాప్‌టాప్‌లో మా గోల్‌కీపరు గాలిలో ఈదుతున్నాడు, బంతి వల లోపల ఉంది.

సరే, యాదృచ్ఛికం. రెండు వారాల తర్వాత మళ్ళీ ఫోన్ మోగింది. "బావా, అక్క మంచిగున్నదా? నువ్వు మంచిగున్నవా?" అన్నాడు. నేను "ఆఁ" అనే లోపల గోల్ పడింది. ఇంకో మ్యాచ్‌లో ఫోన్ ఎత్తనేలేదు, మోగిందంతే. గోల్!

తర్కం తెలిసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? ముందు ఫోను, తర్వాత గోలు. ప్రతిసారీ అదే వరుస. శబ్దతరంగాలు అట్లాంటిక్ దాటి స్వీడన్‌లో మా డిఫెండర్ల ఏకాగ్రతని ఎలా చెడగొడుతున్నాయో నాకు తెలియదు. కానీ యంత్రాంగం తెలియనంత మాత్రాన సంబంధం లేదనగలమా? నేను శీను నంబరు మోగకుండా పెట్టేశాను. పెట్టాక ఆకుపచ్చ జట్టు వరసగా గెలుస్తూ పోయింది. చూశారా! మధ్యలో ఒక మ్యాచ్‌లో గోల్ పడిన మాట నిజమే గానీ, అప్పుడే ఎవరో ప్యాకెట్ తెచ్చి కాలింగ్‌బెల్ కొట్టారు. ఆ గోలు వాళ్ళ ఖాతాలో రాసేశాను.

ఎండాకాలంలో పద్మ అడిగింది. "తమ్ముడు ఫోన్ చేస్తె ఎత్తవట?"

"మీటింగ్‌లో ఉంటున్నాను."

"ఆదివారం నాడు ఎవలతోని మీటింగు?"

"స్వీడన్ వాళ్ళతో" అన్నాను. అబద్ధం అనలేం.

"వానికి మస్తు బాధయితున్నది. బావకు నామీద కోపమొచ్చిందా అని ప్రతిసారి అడుగుతున్నడు. ఏమన్న ఉంటె మొగం మీద చెప్పరాదు?"

"దీపావళి తర్వాత మాట్లాడతాను" అన్నాను. పద్మ నా వైపు చూసి, "సరే తియ్" అంది. ఇప్పుడు మా ఇంట్లో రెండు "సరే తియ్"లు కాపురం ఉంటున్నాయి.

ఈలోగా ఎర్రజట్టు పట్టికలో మధ్యకి జారి అక్కడే కూలబడింది. మూర్తి గారు పులిహోర డబ్బాతో ఇంటికొచ్చి మరీ ఒప్పుకున్నారు. "శని వక్రించాడండీ. ఆయన తిన్నగా నడిచేసరికి వీళ్ళ సీజన్ అయిపోతుంది. మీరే గెలిచేటట్టున్నారు." నేను ఉదారంగా నవ్వి పులిహోర తిన్నాను. అప్పుడు గానీ పట్టికలో మా కింది వరుస చూసుకోలేదు. ఆకుపచ్చ జట్టు కింద, ఎప్పుడొచ్చి చేరిందో గానీ, తెల్లజట్టు నిలబడి ఉంది.

"పద్మా, నీ జట్టు రెండో స్థానంలోకి వచ్చింది."

"ఎవలు?"

"తెల్లజట్టు."

"ఓ. అంగీలు ఇంకా తెల్లగనే ఉన్నయా?" అని మళ్ళీ టీవీ వైపు తిరిగింది. మ్యాచ్ ఒక్కటి కూడా చూడలేదు ఆమె.

షెడ్యూలు వేసినవాడికి నామీద ఏ జన్మ కోపమో (ఇది మాటవరసకి అంటున్నాను, నాకు జన్మల మీద నమ్మకం లేదు), సీజన్ ఆఖరి మ్యాచ్ ఆ రెండు జట్లకే పడింది. అదీ తెల్లజట్టు సొంత మైదానంలో. మాకు ఒక పాయింటు ఆధిక్యం ఉంది. డ్రా అయినా చాలు, టైటిల్ మాది. ఓడితే వాళ్ళది. ఆ ఆదివారం ఉదయమే కమ్యూనిటీ సెంటర్‌లో మా దీపావళి సంబరాలు. ఊరంతా ఈ పందెం గురించీ, పద్మకి నేనిచ్చిన మాట గురించీ చెప్పుకుంటోంది కాబట్టి, పిల్లల డాన్సులకు ముందు మ్యాచ్ పెద్ద తెర మీద చూపిస్తామనీ, హాఫ్‌టైమ్‌లో నా ఉపన్యాసం ఉంటుందనీ నిర్వాహకులు ప్రకటించారు. ఉపన్యాసం పేరు నేనే పెట్టాను: "ముందు కారణం, తర్వాతే కార్యం."

ఆ రోజు పొద్దున స్వెట్‌షర్టు కోసం బేస్‌మెంట్‌లోకి వెళ్తే అది లేదు.

"పద్మా! నా స్వెట్‌షర్టు!"

"డ్రయర్‌ల ఉన్నది. పండుగపూట గా కంపుతోని నలుగుర్ల నిలబడతవా?"

డ్రయర్ తెరిచి తీస్తే వెచ్చగా, మెత్తగా, లావెండర్ వాసన వేస్తోంది. అన్ని నెలల ప్రయోగాన్ని ఒక్క మూతెడు సబ్బుతో కడిగిపారేసింది. అయినా తొడుక్కున్నాను. కనీసం కుర్చీ అయినా కాపాడుకోవాలని మడత కుర్చీ చంకన పెట్టుకుని బయల్దేరాను.

హాల్లో మూర్తి గారు ఎదురొచ్చారు. "మోహన్ గారూ, ఇక్కడ ఇన్ని కుర్చీలున్నాయి కదండీ?"

"నడుం నొప్పండీ. ఇది అలవాటైన కుర్చీ."

బేస్‌మెంట్‌లో కుర్చీ ఏ మూలన ఉండేదో గుర్తు తెచ్చుకుని, ఇక్కడా అదే దిక్కుకి జరుపుతూ, ఫోన్‌లో దిక్సూచి చూసుకుంటూ సర్దుకుంటున్నాను. ఆయన పక్కనే నిలబడి ఆసక్తిగా చూస్తున్నారు.

"ఇంకొంచెం కుడికి రావాలండీ" అన్నారు మెల్లగా.

"దేనికి?"

"మీరు ఈశాన్యం వెతుకుతున్నారు కదా. అది ఇటుంది."

"నేను ఈశాన్యం వెతకడం లేదు! నాకు గాలి కావాలి!"

"గాలి కూడా అటునుంచే వస్తుంది లెండి" అని, ఆయనే కుర్చీ జరిపి ఇచ్చారు.

మొదటి సగం గోల్స్ లేకుండా ముగిసింది. నాకు కాలరుకి మైకు తగిలించారు. వేదికెక్కాను. ఆహా, ఏం మాట్లాడాను! "మిత్రులారా, ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు! కోడి కూసిందని సూర్యుడు లేవడు! వరసని చూసి కారణమనుకోవడమే మూఢత్వానికి తల్లి!" చప్పట్లు మోగాయి. ఇడ్లీ ప్లేట్లు పక్కన పెట్టి మరీ కొట్టారు. పద్మ కూడా కొట్టింది. దిగొచ్చి నా కుర్చీలో కూలబడ్డాను. రెండో సగం మొదలైంది. మైకు తీయడం నేను మర్చిపోయాను, ఆపడం వాళ్ళు మర్చిపోయారు. స్వీడన్ వ్యాఖ్యాత మాటల మధ్యలో హాలంతా నా మూలుగులు వినపడుతున్నాయట. వినోదంగా ఉండటంతో ఎవరూ నాకా సంగతి చెప్పలేదు.

ఆట ఆఖరి నిమిషాల్లోకి వచ్చింది. ఇంకా గోల్స్ లేవు. టైటిల్ మాదే! పద్మ చేత పట్టుపంచె కట్టించుకునే గండం తప్పింది! వచ్చే ఉగాదికి నా వ్యాసం! అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది.

శీను!

చేతిలో స్వీట్ల డబ్బా, ఇంకో చేతిలో ఫోను. దారంతా డ్రైవ్ చేసి వచ్చిన నలిగిన చొక్కా. మొహం నిండా దుఃఖం. వరసలు దాటుకుంటూ సూటిగా నా దగ్గరికే వస్తున్నాడు. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"రాకు! అక్కడే ఆగు! నోరు తెరవకు!"

ఈ మాట స్పీకర్లలో మోగింది. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. శీను ఆగలేదు. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, నిండిన కళ్ళతో, "బావా, బాధపడకు" అన్నాడు.

"దేనికిరా?"

నేను ఆ మాట పూర్తి చేశానో లేదో, పెద్ద తెర మీద ఒక తెల్లచొక్కా బురదలో జారుతూ కాలు చాపింది. బంతి వలలోకి వెళ్ళింది.

నేను కుర్చీలోంచి లేచాను. ఇన్నేళ్ళ డిబేటు గొంతు, నాభిలోంచి లేచింది. "చూశారా! చూశారా అందరూ! వీడు నోరు తెరిస్తే గోలు పడుతుంది! ఫోన్ చేసినా పడుతుంది! అందుకే ఇన్ని నెలల నుంచీ వీడి ఫోన్ ఎత్తడం మానేశాను! ఇవాళ నువ్వు స్వెట్‌షర్టు ఉతికినప్పుడే అనుకున్నాను పద్మా, సర్వనాశనమని!"

సర్వనాశనమని, వనాశనమని, నాశనమని, హాలు నాలుగు గోడలూ తిరిగి నా చెవిలోనే పడింది. అప్పుడు చూసుకున్నాను, మైకుని. అది నా గుండెల మీద బుద్ధిమంతుడిలా ఆకుపచ్చగా వెలుగుతోంది.

హాల్లో చంటిపిల్లలు కూడా ఏడవడం ఆపేశారు. శీను ఒక్కడే మాట్లాడాడు.

"నేను నోరు తెరిస్తె గోలెట్ల పడ్తది బావా? గోలు పడ్డంకనే నేను నోరు తెరిచిన." ఫోన్ చూపించాడు. "పార్కింగ్‌ల కారు ఆపంగనే యాప్‌ల స్కోరొచ్చింది. నీకు బాధయితదని ఉరికొచ్చిన. నీ టీవీల నిమిషం లేటుగ వస్తది. నీకెర్కలేదా?"

"మరి... ఆ ఫోన్లు?"

"గవి గూడ గంతే. నువ్వు పందెం కాసినవని అక్క చెప్పింది. నువ్వు ఒక్కనివే కూసొని చూస్తున్నవని నేనుగూడ షాపుల కూసొని స్కోర్లు చూసుడు మొదలుపెట్టిన. గోలు పడ్డప్పుడల్ల, అయ్యో బావ ఎట్లున్నడో, జరంత ధైర్యం చెబుదామని ఫోన్ చేసేటోన్ని. నువ్వు ఎత్తుడు బంజేస్తివి. నేనేం తప్పు చేసిన్నో అనుకుంట ఇన్ని నెలలు తిండి సక్కగ తినలే."

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మైకు దాన్ని కూడా ప్రసారం చేసింది.

వెనక వరసలోంచి మూర్తి గారి గొంతు, ఎంతో మర్యాదగా వినిపించింది. "మోహన్ గారూ, మీ ఉపన్యాసం పేరు ఇంకోసారి చెబుతారా? చప్పట్లలో నాకు సరిగా వినపడలేదండీ."

ఆ తర్వాత నవ్వు మొదలైంది. అది నవ్వు కాదు, పైకప్పు ఊడిపడటం. మా వేదిక సభ్యులే ముందు నవ్వారు, బిర్యానీ తిన్న నోళ్ళతో. నీల కుర్చీ కింద దాక్కుని ఫోన్‌లో రికార్డు చేస్తోంది. తెర మీద తెల్లజట్టు వాళ్ళు బురద పులుముకుని కప్పు ఎత్తుకుని గెంతుతున్నారు. వాళ్ళ సంతోషం కూడా మాకు నిమిషం ఆలస్యంగానే అందుతోందని నాకు అప్పుడు తట్టింది.

పందెం పద్మ గెలిచింది. ఈ సంగతి అందరికంటే ముందు గుర్తుచేసింది మూర్తి గారే. "అమ్మా, మీ జట్టు మా ఇద్దరికంటే పైన నిలిచింది. మీరేం చెబితే అది." హాలంతా ఒక్క గొంతుతో, "వ్రతం! వ్రతం! పట్టుపంచె!" అని అరిచింది.

పద్మ లేచి, నా కాలరుకున్న మైకు తన వైపు తిప్పుకుంది.

"వ్రతం చేసుకుంట. కానీ నువ్వు పీటల మీద కూసోవద్దు. నమ్మకం లేనోన్ని కూసోబెడితే దేవునికి గూడ ఇబ్బందే. నా తమ్ముడు, మరదలు కూసుంటరు. నువ్వు అందరికి ప్రసాదం పంచుతవు." హాలు చప్పట్లు కొట్టబోయింది. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఇంకోటి. వచ్చే ఏడు ప్రతి మ్యాచ్‌ల శీను నీకు ఫోన్ చేస్తడు. ఆట మొదలైనప్పటి నుంచి అయిపోయెదాంక ఫోన్ పెట్టొద్దు. స్పీకర్ల పెట్టాలె. సిసలు హేతువాదివైతే గదీ ప్రయోగం."

నా జీవితంలో వాదనలో అంత చిత్తుగా ఓడిపోవడం అదే మొదలు. ఎందుకంటే ఆమె వేసింది శిక్ష కాదు, అసలైన వాదం. ఇన్నేళ్ళూ బల్లలు గుద్ది నేను చెప్పలేనిది ఆమె మడత కుర్చీ పక్కన నిలబడి చెప్పేసింది.

వ్రతం ఘనంగా జరిగింది. శీను పీటల మీద కూర్చుని, మధ్యమధ్యలో నావైపు తిరిగి, "బావా, మనసు మంచిగున్నదా?" అని అడుగుతూనే ఉన్నాడు. మూర్తి గారు కథ ముగించి, లేచి, బేస్‌మెంట్‌లోకి దిగి, వాటర్ హీటర్ పక్కనున్న నా మడత కుర్చీకి కూడా ఒక బొట్టు పెట్టి వెళ్ళారు. నేను అభ్యంతరం చెప్పలేదు. ప్రసాదం పంచే చేతులు ఖాళీగా లేవు. పద్మ నా చేతిలోనే ఇంత ప్రసాదం పెట్టి, "తిను" అంది. "సరే తియ్" అనలేదు. ఆ రెండూ ఆ రోజే ఇల్లు ఖాళీ చేశాయి.

మరుసటి ఉగాదికి మళ్ళీ సీజన్ మొదలైంది. శీను షాపులో చీరలు మడతపెడుతూ, నేను బేస్‌మెంట్‌లో కూర్చుని, ఫోన్ మధ్యలో పెట్టుకుని చూస్తున్నాం. అతను మాట్లాడుతుండగా గోల్స్ పడ్డాయి, గోల్స్ వేశాం, ఓడాం, గెలిచాం. అతని నోటికీ స్వీడన్ వలకీ ఎలాంటి సంబంధమూ లేదని నిస్సందేహంగా తేలింది. ఆ ఫలితాన్ని వేదిక మీటింగ్‌లో ప్రకటించాను కూడా. బిర్యానీ పెట్టాను కాబట్టి అందరూ విన్నారు.

ఇకపోతే ఆ బూడిదరంగు స్వెట్‌షర్టు. ప్రతి మ్యాచ్‌కీ ముందురోజు దాన్ని నేనే ఉతుకుతున్నాను, అదే లావెండర్ సబ్బుతో. ఉతికిన వాళ్ళే గెలిచారని కాదు. శుభ్రత కోసం.

కాబట్టి మిత్రులారా, తర్కం సాక్షిగా, మా బావమరిది సాక్షిగా, ఈశాన్యమూలన ఉన్న కుర్చీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణముండగా, మ్యాచ్ నడుస్తున్నప్పుడు, ఇంకెన్నడూ, కాలరుకి మైకు తగిలించుకోను.